సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు విమానంలో ఎంత దూరం, ఎంత సమయం?

సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 15,300 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి దాదాపు పద్దెనిమిదిన్నర గంటలు పడుతుంది.

గ్లోబు మీద దారం పట్టి చూడండి, ఆ దారి ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది! అయినా విమానాలు చాలాసార్లు పసిఫిక్ మీదుగా వెళతాయి. పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు వెనకనుంచి తోస్తే, దూరం పెరిగినా సమయం, ఇంధనం కలిసొస్తాయి. అందుకే కిలోమీటర్లను వేగంతో భాగించి ప్రయాణ సమయం తేల్చకండి.

గడియారం సంగతి మరొకటి. వేసవిలో న్యూయార్క్ సింగపూర్ కంటే 12 గంటలు వెనక, చలికాలంలో 13. వేసవిలో అర్ధరాత్రి దాటాక బయలుదేరితే అదే తేదీ ఉదయం దిగుతారు.