పాఠకుల ప్రశ్నలు: వాడలో కళాకేంద్రం నడపాలంటే

ప్రశ్న: కొత్తవాడలో మగ్గాలు ఎత్తేసిన మా పాత ఇల్లు ఖాళీగా ఉంది. ముందర హాలు, వెనక రెండు గదులు, చిన్న పెరడు. ఎనిమిది మంది దోస్తులం కలిసి దాన్ని కళాకేంద్రం చేద్దామనుకుంటున్నాం. హాల్లో స్టేజీ కట్టాలని కొందరు, వద్దని కొందరు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: స్టేజీ కట్టకండి. సభలకు హన్మకొండలో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది. 2024లో కాళోజీ కళాక్షేత్రం కూడా తెరిచారు. వాడలో కావలసింది రోజూ తలుపు తీసి ఉండే పని గది. రంగు ఆరేదాకా బొమ్మను వదిలి వెళ్లగలిగే బల్ల, డోలు భద్రంగా పెట్టుకునే మూల అద్దె ఇంట్లో ఉండే కళాకారుడికి ఎక్కడ దొరుకుతాయి? హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో మొదలైంది. అప్పటి నుంచీ దాని పేరు నిలబెట్టింది చదువుకునే గదే.

ముందు నేల చూడండి. మగ్గం గుంటల్లో ఒకేసారి మట్టి నింపి పైన సిమెంటు వేస్తే తొలి వానలకే కుంగుతుంది. ఆరంగుళాల మందాన మొరం పోయాలి, నీళ్లు చల్లాలి, దిమ్మిసతో గట్టిగా కొట్టాలి, తర్వాతే పై వరుస. వీలైతే ఒక గుంట పూడ్చకుండా మగ్గంతో సహా ఉంచి, నేసేవారికి కూలి ఇచ్చి నడిపించండి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా అది నేస్తుంటే కళ్లారా చూసిన పిల్లలు ఈ ఊళ్లోనే తక్కువ.

హాలుకు ఆరడుగుల మడత బల్లలు నాలుగు చాలు. పెరట్లో కుళాయి, దాని కింద రంగునీళ్లు పోయేందుకు వేరే తొట్టి తప్పనిసరి. మట్టి, పిండి కలిసిన నీళ్లను బాత్రూం గొట్టంలో పోస్తే కొద్ది రోజులకే మూసుకుపోతుంది.

సొసైటీగా రిజిస్టర్ చేయడానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఎనిమిది మంది ఉన్నారు కనుక ఇబ్బంది లేదు. ఆశయాలు, నియమావళి రాసుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దరఖాస్తు పెట్టండి. సొసైటీ పేర బ్యాంకు ఖాతా తెరిచేదాకా ఎవరి దగ్గరా చందా తీసుకోవద్దు. ఇల్లు మీదే అయినా సొసైటీకి మూడేళ్ల అద్దె పత్రం రాయండి. ఆ లీజును రిజిస్టర్ చేయించాలి. నాకేం అక్కర్లేదులే అని నోటిమాటగా ఇచ్చిన ఇంట్లో మొదటి గొడవ ఇల్లు ఎవరిదన్న దగ్గరే పుడుతుంది.

తాళంచెవి ఒక్కరి బాధ్యత. వారికి నెల జీతం ఇవ్వండి. తలా ఒకరోజు తెరుద్దామనుకుంటే పెళ్లిళ్ల సీజన్ రాగానే తలుపు మూతపడుతుంది. రెండుసార్లు తాళం చూసి వెళ్లిన మనిషి మూడోసారి రాడు.

ప్రశ్న: మా కాలనీ కేంద్రంలో ఇరవై మంది పిల్లలకు చేర్యాల బొమ్మల (గుడ్డ మీద గీసే కథాపటాల) శిక్షణ పెట్టాం. గుడ్డ మీద పూత పగిలిపోయింది, రంగు రాలింది. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక టీచరు, జనగామ

జవాబు: బహుశా పూత మందంగా వేసి, తొందరపడి ఎర్రటెండలో ఆరబెట్టి ఉంటారు. పైపొర ముందే బిగుసుకుని, లోపలి తడి ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది.

చేర్యాలలో ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, బంక కలిపి పూస్తారు. చింతగింజలను రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి ఉడికించి, వడకట్టాలి. పలుకు మిగిలితే కుంచె అక్కడ తట్టుకుంటుంది. పలుచగా మూడు పూతలు వేయాలి. ఒకటి పూర్తిగా ఆరాకే మరొకటి, అదీ నీడలో. అంబలి మరీ ఎక్కువైతే గుడ్డ పెళుసెక్కుతుంది, తక్కువైతే సుద్ద చేతికి అంటుతుంది. కాబట్టి చిన్న ముక్క మీద పూసి, ఆరాక వేలికి చుట్టి చూడండి. పగలకుండా, పొడి రాలకుండా ఉంటే పాళ్లు కుదిరినట్టే.

ఈ పనంతా శిక్షణకు వారం ముందే అయిపోవాలి. 36 అంగుళాల పన్నా గుడ్డ రెండు మీటర్లు తీసుకుంటే 12 అంగుళాలకు 9 అంగుళాల ముక్కలు 24 వస్తాయి. ఇరవై మందికి సరిపోగా నాలుగు చేతిలో ఉంటాయి. పూత ఎలా వేస్తారో కళాకారుడితో ఒక ముక్క మీద చేయించి చూపిస్తే చాలు. మొదట వెనక ఎరుపు నింపించండి, తర్వాత బొమ్మల రంగులు, చివరన నల్ల గీత. అయిన బొమ్మలను మడవవద్దు. నాలుగంగుళాల గొట్టానికి బొమ్మ బయటి వైపు ఉండేలా చుట్టండి.

మరొక్క మాట. పటం పుట్టింది కథ చెప్పడానికి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పటం ముందు నిలబడి ఒక్కో వరుస చూపిస్తూ కథ నడుపుతారు. చిత్రకారుడితో పాటు కథకుణ్ణీ పిలిచి, ఇద్దరికీ రానుపోను ఖర్చులు, పారితోషికం ముందే మాట్లాడుకోండి. పిల్లలు తక్కువ వచ్చారని అందులో కోత పెట్టకూడదు. పేరొస్తుంది కదా అని ఉత్త చేతులతో పంపడం అన్యాయం.

ప్రశ్న: మా కేంద్రానికి ఆడవాళ్లు రావడం లేదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తెరిచే ఉంచుతున్నాం.
– ఒక కార్యకర్త, కరీంనగర్

జవాబు: అది వంట వేళ. పదకొండు నుంచి మూడు దాకా తెరవండి, సాయంత్రం పిల్లలకు వదిలేయండి. లోపల గడియ పడే మరుగుదొడ్డి, అందులో నీళ్లు, చెత్తబుట్ట ఉన్నాయా చూడండి. చిన్నపిల్లలతో వచ్చేవారికి ఒక మూల జంపఖానా పరవండి. కమిటీలో ఇద్దరు ఆడవాళ్లను పెట్టి, వేళలు, నేర్పే పని వాళ్లనే నిర్ణయించమనండి. వాళ్లు చేసిన వస్తువు అమ్ముడైతే పుస్తకంలో పేరు, వెల రాసి, డబ్బు అదే రోజు వాళ్ల చేతికే ఇవ్వండి. ఇంట్లో మగవాళ్లు వచ్చి అడిగినా వాళ్లకు ఇవ్వవద్దు.