పొగగొట్టాలు కనపడకపోతే లోపలికి వచ్చెయ్

బ్రాడీపేట, గుంటూరు

చి. చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఈసారి గాలివాన వస్తే బాల్కనీలో నిలబడి మొత్తం వీడియో తీస్తానని నిన్న ఫోన్లో అన్నావు. అప్పట్నుంచి నాకు టెన్షన్. చూడొద్దని కాదు. మబ్బు పట్టిందంటే పొయ్యి కట్టేసి కుర్చీ లాక్కునే మనిషిని నేనే, నీకెందుకు వద్దంటాను? ఎక్కడ కూర్చుని ఎంతసేపు చూడాలో చెబుదామని ఈ ఉత్తరం.

విజయవాడలో మీ భవానీపురం ఫ్లాటుకి పడమర బాల్కనీ ఉండటం ఎండాకాలం శాపమే కానీ, ఈ పనికి మాత్రం వరం. నేను చూసిన వేసవి గాలివానలు చాలామటుకు పడమర నుంచో వాయవ్యం నుంచో వచ్చినవే. పొద్దున్నుంచి ఎండ మాడ్చేస్తుంది. మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి తేమగాలి తిరుగుతుంది, జాకెట్టు ఒంటికి అంటుకుపోయే ఉక్క మొదలవుతుంది. ఆ రెండూ కలిసిన రోజున మూడింటప్పుడు పడమటి అంచు చూడు. కాలీఫ్లవర్ లాంటి తెల్లమబ్బు పాలపొంగులా లేస్తూ ఉంటుంది. పేపర్లో క్యుములోనింబస్ అని రాస్తారే, అదే. పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి, ఇక పైకి పోలేక నెత్తిన అడ్డంగా పరుచుకుంటుంది, కమ్మరి దాగలిలాగా. దాగలి నువ్వు చూసి ఉండవులే, ఇనుము పెట్టి సాగగొట్టే దిమ్మె.

ఆ ఆకారం కనపడగానే ఇంట్లో పనులు చూసుకో. టీవీ, ఫ్రిజ్, వైఫై ప్లగ్గులు పీకెయ్, స్విచ్ ఆపితే చాలదు. డిష్ వైరూ అంతే. ఉరుములు దగ్గరికొచ్చాక మాత్రం ప్లగ్గుల జోలికి పోవద్దు. పిట్టగోడ మీది పూలకుండీలు కింద పెట్టు, ఈదురుగాలికి అవి ఎవరి నెత్తిన పడతాయో తెలీదు. మేడ మీద ఆరేసినవి అప్పుడే తెచ్చుకో. నేను ఒక ఏడాది సగ్గుబియ్యం వడియాలు ఎండబెట్టి, నాలుగు చినుకులు పడ్డాక గుర్తొచ్చి పైకి పరిగెత్తాను. గుడ్డ చుట్టేలోపు వెనక సందులో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. చెవులు రెండు రోజులు గుయ్యిమన్నాయి. వడియాలు ఎలాగూ తడిసిపోయాయి.

ఇప్పుడు అసలు చూడాల్సింది. వాన కంటే ముందు చల్లగాలి వస్తుంది. మబ్బులోంచి కిందికి దూకిన చలిగాలి నేలమీద పరుచుకుంటూ, ముందున్న వేడిగాలిని పైకి ఎత్తేస్తుంది. ఆ అంచున ఒక్కోసారి నల్లటి మబ్బు అటక చూరులా ఇటు నుంచి అటు దాకా వంగి, కృష్ణా నది మీదుగా మీవైపు నడిచొస్తుంది. దాని కింద దుమ్ము ఎర్రగా లేస్తుంది. ఆ పది నిమిషాల దృశ్యంతో పోలిస్తే మెరుపులు కూడా నాకు పెద్ద గొప్పగా అనిపించవు.

కానీ చూస్తూ ఉండిపోకు. మెరుపు కనపడగానే లెక్కపెట్టు. ఉరుము వినపడేదాకా ప్రతి మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై అంటే పది కిలోమీటర్లు. మీ బాల్కనీకి ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు ఇంచుమించు అంత దూరమే. కాబట్టి వానతెరలో పొగగొట్టాలు మాయమైనా, లెక్క ముప్పై లోపు వచ్చినా, మరో మాట లేకుండా లోపలికి వచ్చెయ్. ఉరుము ఉరిమితే అర్జునా ఫల్గుణా అనమనేది మా అమ్మ. నేను అంకెలు లెక్కపెడతాను. నువ్వు రెండూ చెయ్యి, నష్టం లేదు.

ఫోన్లో దామిని యాప్ వేసుకో. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ వాళ్ళది. చుట్టూ ఇరవై, నలభై కిలోమీటర్లలో ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది.

లోపల కిటికీ తలుపు వేసి, అద్దంలోంచి చూడు. ఇనుప గ్రిల్లు పట్టుకోవద్దు, గోడకి ఆనుకోవద్దు. స్నానం, అంట్లు తర్వాత. ఫోన్ చేతిలో ఉంటే పిడుగు పడుతుందనేది ఉత్తమాట, చార్జర్‌కి పెట్టి మాట్లాడితేనే భయం.

వాన వెలిసిందనగానే అందరూ మేడ ఎక్కేస్తారు, చిన్నీ. అదే నా దిగులు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. మబ్బు తూర్పుకి జరిగిపోయినా దాని తోకలోంచి పిడుగు పది కిలోమీటర్ల అవతల కూడా పడగలదు. తీరా చూస్తే ఆ అరగంటలోనే అన్నిటికన్నా అందమైనది కనిపిస్తుంది. దాగలి అడుగున మంచు పలుకులతో బరువెక్కిన గాలి కిందికి జారి, మబ్బంతా గుండ్రటి సంచులు వేలాడదీసినట్టు అవుతుంది. పడమర ఎండ వాటి మీద పడితే ముందు పసుపు, తర్వాత మామిడిపండు రంగు. మమ్మాటస్ అంటారట. చూడటానికి భయం పుట్టిస్తాయి కానీ వాటంతట అవి ఏమీ చెయ్యవు. నా మొత్తం జీవితంలో బాగా కనపడింది మూడుసార్లే. అప్పుడే వంటింటి కిటికీలోంచి తూర్పుకి కూడా ఓసారి తొంగిచూడు, ఇంద్రధనుస్సు ఉండొచ్చు.

సంచి మబ్బులు కనిపిస్తే నాకు వెంటనే వీడియో కాల్ చెయ్యి, ఏ పనిలో ఉన్నా ఎత్తుతాను. ఎదురింటివాళ్ళు ఐదంతస్తులు లేపాక నాకు పడమర ఆకాశం చారెడే మిగిలింది.

మీ పెద్దమ్మ