తిరగని మైళ్లకు ఎంత కట్టాలి?

తమ్ముడూ, 32,000 డాలర్లకు ఆ 1976 కాడిలాక్ ఎల్డరాడో కొనమంటారా అని నువ్వు అడిగింది కారు గురించి. నేను ముందు అడిగేది డబ్బు గురించి. 32,000 డాలర్లు చేతిలో ఉన్నాయా, అప్పు తెస్తున్నావా? నీ ఉత్తరమంతా వెతికాను. కారు రంగు ఉంది, తోలు సీట్ల వర్ణన ఉంది, ఆగస్టులో పాత కార్లన్నీ వరసకట్టే డ్రీమ్ క్రూజ్ నాడు టాపు దించుకుని వుడ్‌వర్డ్ అవెన్యూ మీద వెళ్లాలన్న కోరిక ఉంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఒక్క ముక్క లేదు. అమెరికా వచ్చి రెండేళ్లయినా కాలేదన్నావు కాబట్టి అప్పే అనుకుని రాస్తున్నాను. చిన్నవాడివి, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు.

1976 కాడిలాక్ ఎల్డరాడో కన్వర్టిబుల్ (టాపు దించే కారు), తెలుపు, 8,400 మైళ్లు, ఒకే కుటుంబం చేతిలో ఉన్నది, చాలా అరుదు అన్నాడు కదా ఆ అమ్మే ఆయన. ఈ కారు పుట్టుక తెలిస్తే ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో నీకే తెలుస్తుంది. 1970ల నడుమ అమెరికన్ కంపెనీలు టాపు దించే కార్లను ఒక్కొక్కటిగా మానేశాయి. అమ్మకాలు పడిపోయాయి. కారు బోల్తా కొడితే లోపలివాళ్లకు రక్షణ ఉండాలని ప్రభుత్వం కొత్త నిబంధనలు తెస్తుందన్న భయం కూడా ఉండేది. చివరికి ఎల్డరాడో ఒక్కటే మిగిలింది. ఇక అమెరికాలో కన్వర్టిబుల్ ఉండదంటూ ప్రచారం చేసి కాడిలాక్ ఆ ఒక్క ఏడాదే 14,000 కార్లు తయారుచేసింది. ఆఖరిది 1976 ఏప్రిల్ 21న మన డెట్రాయిట్‌లోనే బయటికి వచ్చింది. కంపెనీ ధర 11,000 డాలర్ల పైచిలుకు. దాని మీద ఇంకా పైసొమ్ము ఇచ్చి ఎగబడి కొన్నారు. కొన్నవాళ్లలో చాలామంది ఆ కారును నడపలేదు. గుడ్డ కప్పి గ్యారేజీలో పెట్టి, ధర పెరుగుతుందని కూర్చున్నారు.

1982లో క్రైస్లర్ మళ్లీ కన్వర్టిబుల్ తెచ్చింది. 1984 మోడలుగా సాక్షాత్తూ కాడిలాకే మరో ఎల్డరాడో కన్వర్టిబుల్‌ను అమ్మకానికి పెట్టింది. ఆఖరిదని నమ్మి కొన్నవాళ్లు కొందరు కోర్టుకు కూడా ఎక్కారు. అందుచేత ఈ మోడలులో తక్కువ మైళ్లు తిరిగిన కారు దొరకడం వింతేమీ కాదు. దాచిపెట్టడానికే కొన్న కార్లు ఇవి. ఆనాటి 11,000 డాలర్లు ఇప్పటి లెక్కలో 60,000 దాటుతాయి. ఈ కార్లలో చాలావాటికి అందులో సగం కూడా పలకదు. యాభై ఏళ్లు కాపాడినవాడికే మిగలనిది నీకు మిగులుతుందా?

నిజంగా అరుదైనవి ఆఖరి 200. అవి తెల్ల బాడీ, తెల్ల టాపు, బానెట్ మీద సన్నటి ఎరుపు, నీలం గీతలు, ఎర్ర అంచు కుట్టిన తెల్ల సీట్లు, ఎర్ర కార్పెట్టుతో వచ్చాయి. అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండిన సంవత్సరం కదా. నీకు చూపించినది తెల్లగా ఉన్నంత మాత్రాన ఆ 200లో ఒకటైపోదు. గీతలు ఎవరైనా వేయించుకోవచ్చు. కాగితాలు చూపించమను.

ఇదంతా నాకెలా తెలుసంటే, నీ వయసులో నేనూ ఇదే చేశాను. నాది 1975 ఎల్డరాడో, ముదురు ఎరుపు. ఓడోమీటరు మీద పదహారు వేల చిల్లర మైళ్లు. అమ్మినాయన, మా నాన్నగారి కారు, ఆదివారాలు చర్చికి మాత్రమే తీసేవారు అని చెప్పాడు. పెద్దమనిషి మాట అని నమ్మాను. ఇంజను అప్పటికే వేడిగా ఉంది. మీరు వస్తారని నడిపి ఉంచాను అంటే, ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయాను. బానెట్ మీద నా మొహం కనబడుతోంది, ఇంక కారు కింద ఏముందో ఎవరు చూస్తారు? చెల్లెలి పెళ్లికని దాచిన దాంట్లో కొంత తీసి, మిగతాది అప్పు చేసి తెచ్చాను. మా నాన్నకు ఫోను చేసి చెబితే, పైకప్పు లేని కారు ఎందుకురా, అక్కడ వానలు పడవా అన్నారు. వానే కాదు, ఏడాదిలో ఐదు నెలలు మంచు పడుతుందని ఆయనకు చెప్పలేదు.

మొదటి వారంలోనే గ్యారేజీ అంతా పెట్రోలు వాసన. పాత రబ్బరు గొట్టాలు ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలుకు తట్టుకోవు. అవి మార్పిస్తే ట్యాంకులో తుప్పు బయటపడింది. తుప్పు కార్బురేటరులోకి వెళ్లింది. తరువాత బ్రేకులు. మా ఊళ్లో ఏళ్ల తరబడి తాళం వేసిన ఇంటికి చెద పట్టినట్టే, నిలిచిపోయిన కారూ లోలోపల తినేసుకుపోతుంది. ఒక షాపువాడు ఒక్కొక్కటీ మార్చి ఒక్కొక్క బిల్లు చేతిలో పెట్టేవాడు. ప్రతి బిల్లునూ రూపాయల్లోకి మార్చుకుని చూసేవాణ్ణి, ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆఖరికి ఇంకో ముసలి మెకానిక్ డ్రైవరు తలుపు తెరిచి, అంచున మసిబట్టిన చీటీని గుడ్డతో తుడిచి చూపించాడు. ఎప్పుడో ఆయిలు మార్చినప్పుడు అంటించినది. దాని మీద 71 వేల మైళ్లని రాసి ఉంది.

ఆ కాలపు ఓడోమీటర్లలో మైళ్లకు ఐదు అంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నాది పదహారు వేలు కాదు, లక్షా పదహారు వేలు. నీ కారు టైటిల్ (యాజమాన్య పత్రం) మీద మైళ్ల సంగతి ప్రభుత్వమూ పూచీ పడదు, అమ్మేవాడు మైళ్లు రాసివ్వాలన్న నిబంధన అంత పాత కార్లకు వర్తించదు. కార్ల పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్‌లో వెతికి లాభం లేదు, 1981కి ముందు కార్ల నంబర్లు దానికి అందవు. కాబట్టి మైళ్లకు సాక్ష్యం కాగితాల్లోనూ కారు ఒంటి మీదా వెతకాలి. బ్రేకు పెడలు మీది రబ్బరు చూడు. 8,400 మైళ్ల కారుకు అది అరిగి ఉండకూడదు, అలాగని కొత్తగా మెరుస్తున్నా అనుమానించు. డ్రైవరు సీటు కుంగిందా, తలుపు కీళ్లు వదులయ్యాయా చూడు. పాత సర్వీసు రసీదులు వరస తప్పకుండా ఉన్నాయా అడుగు. అద్దం అడుగున డ్యాష్‌బోర్డు మీద ఉండే నంబరు 13 అక్షరాలది. మొదట 6, తరువాత ఎల్, ఆపైన 67 ఉంటే అది పుట్టుకతో కన్వర్టిబుల్ ఎల్డరాడో. టైటిల్ మీద అదే నంబరు ఉండాలి.

ఒకవేళ ఆ 8,400 నిజమే అనుకుందాం. అప్పుడు నా భయం ఇంకా ఎక్కువ. టైర్ల అంచున నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. మూడంకెలే ఉంటే ఆ టైరు 2000కు ముందుది, దాని మీద ఇంటిదాకా కూడా నడపకు. బంపర్లకూ బాడీకీ మధ్య ఉండే ప్లాస్టిక్ ముక్కలు ఈ కార్లలో వేలు పెడితే పొడిగా రాలిపోతాయి. కొత్తవి దొరుకుతాయి, రంగు కలపడానికే ఖర్చు. ఇంజను లోపల టైమింగ్ చక్రానికి నైలాన్ పళ్లున్నాయి. మైళ్లు తిరగకపోయినా వయసుకే అవి పెళుసెక్కుతాయి, విరిగి ఆయిలు పంపులో పడితే ఇంజను పోయినట్టే. టాపు పూర్తిగా ఎక్కించి దించి చూపించమను, మధ్యలో ఆగితే వెనక్కి తిరిగి వచ్చెయ్. కొన్ని వందల డాలర్లు ఇస్తే పాత కార్లు తెలిసిన స్వతంత్ర మనిషి వచ్చి లిఫ్టు మీద ఎక్కించి చూస్తాడు. నేను ఆ డబ్బు దండగ అనుకున్నాను.

ఇంకొకటి ఉంది, దీన్ని మీ తరంవాళ్లు ఆలోచించరు. తక్కువ మైళ్లని చెప్పి వాడు నీ దగ్గర ఎక్కువ ధర తీసుకుంటున్నాడు. నువ్వు నడిపిన ప్రతి మైలుకూ ఆ ఎక్కువలో కొంత కరిగిపోతుంది. నడపకపోతే కొన్న సరదా ఏముంది? పైగా 8.2 లీటర్ల ఇంజను, 5,000 పౌండ్ల పైన బరువు, గ్యాలనుకు పది మైళ్లు ఇచ్చిందంటే దణ్ణం పెట్టాలి. టాపు దించుకుని తిరగాలన్నదే కోరికైతే, అరవై డెబ్భై వేల మైళ్లు తిరిగి, రిపేర్లన్నీ రసీదులతో సహా అయిపోయిన అదే మోడలు చూసుకో. ధర తగ్గుతుంది, దారిలో ఆగిపోయే భయమూ తగ్గుతుంది. నేనైతే అదే కొంటాను.

నిబంధనల సంగతి మన రాష్ట్రంలో కార్ల రిజిస్ట్రేషన్ చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ సైటులో చూసుకో, మిషిగన్‌లో పాత కార్లకిచ్చే హిస్టారిక్ నంబరు ప్లేటు చవకే, కానీ ఆగస్టులో తప్ప మిగతా కాలంలో ప్రదర్శనలకూ ఊరేగింపులకూ లాంటి వాటికే. అమ్మకం పన్ను ఆరు శాతం మరిచిపోకు. రేపు ఉద్యోగం కాలిఫోర్నియాకు మారితే, అక్కడ పొగ పరీక్ష మినహాయింపు 1975 మోడళ్ల వరకే, నీది ఒక్క ఏడాదిలో తప్పిపోయింది. బీమా మాత్రం ముందే ఒప్పుకున్న విలువ ఇచ్చే పాలసీ తీసుకో. వాళ్లు నీకు రోజూ నడిపే కారు వేరే ఉందా, తాళం వేసే గ్యారేజీ ఉందా అని అడుగుతారు. నోవైలో అపార్టుమెంటు అన్నావు, గ్యారేజీ అద్దె కూడా లెక్కలో రాసుకో.

అన్నిటికన్నా నాకు గుబులు కలిగించేది నీ వీసా. హెచ్1బి మీద ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ పోవడం ఏ డిసెంబరులోనో అయితే, మిషిగన్ మంచులో టాపులేని కారుకు బేరం ఎక్కడిది? నేను అమ్మినప్పుడు కొన్న ధరలో మూడో వంతు వచ్చింది, అదీ బతిమాలితే. ఆ అప్పు తీర్చడానికి ఏళ్లు పట్టింది. తీర్చాను. చెల్లెలి పెళ్లీ చేశాను, ట్రాయ్‌లో ఇల్లూ కొన్నాను, ఎవరి దగ్గరా చేయి చాపలేదు. అందరికీ అంత ఓర్పు ఉంటుందని నేననుకోను.

ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో వేరుగా పెట్టి, ఇంటికి పంపేది ఆపకుండా, అప్పు లేకుండా కొనగలిగితే, కొను. బేరానికి నవంబరులో వెళ్లు, వేసవిలో వెళ్తే వాడిదే పైచేయి. నేను వచ్చేముందు ఇంజను స్టార్టు చేయొద్దని వాడికి ఫోనులో గట్టిగా చెప్పు, చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడే లోపాలు బయటపడతాయి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడు, చల్లగా ఉండాలి. శనివారాలు నేను ఖాళీయే, పిలిస్తే వస్తాను. కారు కింద దూరడం ఇప్పుడు నా నడుము వల్ల కాదు, టార్చి మాత్రం పట్టుకుంటాను.