తెలుగు చదివి పదేళ్లయింది, మళ్లీ ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?

ఈ మధ్య మీరు చదివినవేమిటి, తెలుగు పుస్తకం ముట్టి పదేళ్లయిన నాలాంటివాడికి ఏది చెబుతారు అని అడిగారు. నేను కథలు రాస్తాను. కానీ ఈ ఏడాది కథలూ నవలలూ దాదాపు పక్కనపెట్టి, మనవాళ్లు తాము చూసిందీ పడిందీ రాసుకున్నవే చదివాను. మీకూ వాటినే చెబుతాను.

దీనికి మూలం నేను రాస్తున్న నవలలో ముడిపడిపోయిన ఒక అధ్యాయం. రైళ్లు రాకముందు ఒక కుటుంబం నెల్లూరు నుంచి రాజమండ్రి వెళ్తుంది. రాశాను గానీ, వాళ్లు ఎక్కడ ఆగారు, ఏం వండుకున్నారు, కృష్ణ ఎలా దాటారు అంటే నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ తీశాను. కావలసిన నాలుగు ముక్కలు ఏరుకుందామని తీసిన పుస్తకం రెండు నెలలు నన్ను వదల్లేదు.

ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18 రాత్రి సుమారు వందమంది పరివారంతో బయల్దేరి తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్లారు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారిలో చూసిందల్లా రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె గారికి పంపేవారు. వీరాస్వామయ్య గారు పోయాక, 1838లో ఆ పిళ్లె గారే అచ్చు వేయించారు.

మజిలీ చేరగానే ఆయన చూసేవి నాకు ఎంత నచ్చాయో! ఊళ్లో అంగళ్లున్నాయా, నీళ్లు మంచివా, దిగడానికి చోటుందా, దారి ఇసకదా రాళ్లదా, ఏ నాణెం ఎక్కడిదాకా చెల్లుతుంది. తిరుపతిలో దేవుణ్ణి తలుచుకుంటూనే కుంపిణీకి (ఈస్టిండియా కంపెనీకి) అక్కణ్నుంచి ఎంత ఆదాయం పోతోందో లెక్క చెబుతారు. గిడుగు వారి వాడుకభాష ఉద్యమానికి డెబ్బై ఏళ్లకు పైగా ముందే, ఇంచుమించు మాట్లాడే భాషలో ఇదంతా రాశారంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మొదటి పది పేజీల్లో పాత మాటలు కాస్త అడ్డం పడతాయి, తర్వాత చెవికి అలవాటైపోతాయి. కులం పట్టింపులు మాత్రం ఆ కాలానివే, కొన్నిచోట్ల చదవడానికి కష్టంగా ఉంటుంది. పల్లకీ మోసినవాళ్లకి ఈ యాత్ర ఎలా ఉండి ఉంటుందా అని చాలా రాత్రులు ఆలోచించాను. నా అధ్యాయం మొత్తం కొట్టేసి, ఇప్పుడు ఒక బోయీ వైపు నుంచి రాస్తున్నాను.

రెండోది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. ఇది నేను ఒక్కణ్నే చదవలేదు. అమ్మకి కంటి ఆపరేషనయ్యాక పుస్తకం పట్టొద్దన్నారు, అందుకని రోజూ మధ్యాహ్నం అరగంట పైకి చదివి వినిపించాను. తెలుగు చదవడమే తక్కువగా చూసే వేదపండితుల ఇంట్లో పుట్టి, ఆయన తెలుగు కోసం పడిన ఆరాటం అందులో ఉంది. గోదావరి జిల్లా ఇళ్లలో మాట ఎలా విరుగుతుందో ఆయన వాక్యమూ అలాగే విరుగుతుంది. మనసులో చదివితే సగమే అందుతుంది, గొంతెత్తి చదవండి. నేను నాలుగు పేజీలు చదివేలోగా అమ్మ ఆపి, వాళ్ల అమ్మమ్మగారింటి తరవాణి కుండ గురించి చెప్పేది. అవన్నీ వేరే నోటుపుస్తకంలో రాసుకున్నాను.

వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘జైలు లోపల’ చిన్న పుస్తకం. జైల్లో తాను చూసిన మనుషుల కథలు. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. నిజామాబాదు జైల్లో ఆయనతో ఉన్న కవి దాశరథి గారు తన కవితల పుస్తకం ‘అగ్నిధార’ని ఆయనకే అంకితమిచ్చారు.

మీరు అడిగిందానికి నా సలహా: పదేళ్ల విరామం కదా, ముందు ‘జైలు లోపల’ పట్టుకోండి, ఒక్కో కథా ఒక్కో కూర్చోవడంలో అయిపోతుంది. తర్వాత శ్రీపాద. వీరాస్వామయ్య గారిని వరసగా చదవక్కర్లేదు, మీ సొంతూరు ఆయన దారిలో ఉందేమో వెతికి అక్కణ్నుంచి మొదలుపెట్టండి. తెలుగు వికీసోర్సులో ఉచితంగానే దొరుకుతుంది. నేను మొదట తీసింది మా నెల్లూరు పేజీలే.