మార్కులుంటే చాలదా? ప్రభుత్వ బడి పిల్లల కోసం ప్రత్యేకంగా పనిచేయడం ఎందుకు?

"ప్రతిభ ఉంటే ఏ బడిలో చదివినా పైకొస్తారు కదా, ప్రభుత్వ బడుల వాళ్ల కోసం ప్రత్యేకంగా పనిచేయడం ఎందుకు?" అని ఒకరు అడిగారు. ప్రతిభ ఒక్కటే చాలదండి. నాకు జరిగింది చెబుతాను.

పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియంలో చదివాను. ఇంజినీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద గడిచింది. చివరి ఏడాది ఒక కంపెనీ క్యాంపస్‌కి వస్తే, రాత పరీక్షలో మా బ్రాంచి నుంచి మొదటి పేరు నాదే.

ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లేసరికి ఒకాయన ల్యాప్‌టాప్‌లో ఏదో చూసుకుంటున్నారు. నేను కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. సారు చెప్పకుండా కూర్చోవడం మా బడిలో ఎవరికీ అలవాటు లేదు. ఆయన తలెత్తి, ఎందుకు నిలబడ్డావని ఇంగ్లీషులో అడిగారు. ఆ టెన్షన్‌లో తెలిసిన జవాబులు కూడా తడబడుతూ చెప్పాను. చివర్లో, "మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నావా?" అన్నారు. "నో సర్" అన్నాను. పెద్దవాళ్లను ఎదురు ప్రశ్నించకపోవడమే మాకు నేర్పిన మర్యాద.

లిస్టులో నా పేరు లేదు. ఆ రాత్రి హాస్టల్లో ఎంపికైన రూమ్మేట్ చెప్పాడు: అప్పటికే ఉద్యోగంలో ఉన్న వాళ్లన్నయ్య, చివర్లో అడగాల్సిన రెండు ప్రశ్నలు ముందే రాసిచ్చాడట. వాడికి ఉన్నది, నాకు లేనిది ఆ అన్నయ్యే.

ఈ తేడాను ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి. ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో ప్రభుత్వ బడి పిల్లల గ్రేడ్ పాయింట్లకు 0.4 కలిపేవారు. తమిళనాడు 2020లో వైద్య సీట్లలో వాళ్లకు 7.5 శాతం కేటాయించింది. దీన్ని అన్యాయం అనేవాళ్లు ఆ కుర్చీ పక్కన ఎప్పుడూ నిలబడి ఉండరు.

ప్రభుత్వ బడుల్లో చదివి పైకొచ్చిన మనవాళ్ల మీద కూడా నాకు కోపం ఉంది. పూర్వ విద్యార్థుల సమ్మేళనం అంటే శాలువాలు, భోజనాలు, గేటు మీద దాతల పేర్లు. ఆ రోజు తరగతి గదిలోకి తొంగిచూసేవాళ్లే ఉండరు. లింక్డిన్‌లో చూస్తే అందరి చదువూ ఇంజినీరింగ్ నుంచే మొదలవుతుంది. బడి పేరు దాచుకుంటే తర్వాతి పిల్లలకు మనం ఉన్నామని ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు ఆ బడిలో చదివిన మేం ముగ్గురం ఏటా అక్కడికి వెళ్తున్నాం. పదో తరగతి వాళ్లతో గదిలోకి వచ్చి "కూర్చోవచ్చా సార్?" అని అడగడం, చివర్లో మమ్మల్ని ఒక ప్రశ్న అడగడం ప్రాక్టీసు చేయిస్తాం. ఎనిమిదో తరగతి వాళ్ల చేత ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు (ప్రతిభ ఉన్న పేద పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష) దరఖాస్తు పెట్టిస్తాం. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు ఈ పరీక్ష ఉందని కూడా మాకెవరూ చెప్పలేదు.

మీరూ ప్రభుత్వ బడిలో చదివినవాళ్లయితే, హెడ్మాస్టర్ గారిని ఎనిమిదో తరగతిలో ఒక గంట అడిగి తీసుకోండి. ఆదాయ ధ్రువపత్రం సంగతి మొదటే చెప్పండి, పని మానుకుని మీసేవ చుట్టూ తిరగడం వాళ్ల అమ్మానాన్నలకు కష్టం.