ఎకరం లెక్క ముందు తేల్చుకో తల్లీ

చిట్టితల్లీ,

కౌంటీ రోడ్డు వెడల్పు పని నీ చేతికిచ్చారని మీ నాన్న చెప్పగానే పొంగిపోయాను, ఆ వెంటనే దిగులూ పట్టుకుంది. కంకర, తారు లెక్కలు నీకు ఒకరు చెప్పక్కర్లేదు. నా బెంగంతా వానకి వాగులోకి కొట్టుకుపోయే మట్టి గురించే.

పని చోటు నుంచి వాన నీరు బయటికి పోవడానికి మీ రాష్ట్రం ఇచ్చే అనుమతి ముందు పూర్తిగా చదువు. న్యూ మెక్సికో, మసాచుసెట్స్ లాంటి చోట్ల మాత్రం అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చిన 2022 సాధారణ అనుమతి వర్తిస్తుంది. నేను చెప్పే గడువులు దానివి. మీవి వేరైతే వాటినే పాటించు. కాలుష్య నివారణ ప్రణాళిక రాసుకున్నాకే దరఖాస్తు. అది పని మొదలయ్యే 14 రోజుల ముందే అందాలి.

ఎకరం, ఆపైన నేల కదిలితే అనుమతి తప్పదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. తారు పడే మేర కొలిచి ‘ఎకరంలోపే’ అనేసుకుంటారు. మైలు పొడవున 8.25 అడుగుల వెడల్పు తవ్వితే చాలు, 43,560 చదరపు అడుగులు, అంటే సరిగ్గా ఎకరం. రెండు పక్కలా నాలుగేసి అడుగుల షోల్డర్ (రోడ్డు అంచు పట్టీ) వేసి పక్క కాలువ కాస్త చెక్కితే దాటిపోయినట్టే! కల్వర్టు కొసలు, తాత్కాలిక దారి, పైపులు జరిపే చోటు, చదును చేసిన సామాను స్థలం, అన్నీ కలిపి కొలువు. మూడు టెండర్లుగా విడగొడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఒకే ప్రణాళికలోవైతే మొత్తం కలిపే లెక్కిస్తారు. ‘ఇది మెయింటెనెన్సే కదా’ అన్న మాటా నమ్మకు. అయిదెకరాల లోపు, పాత వాలు, పాత నీటి సామర్థ్యం నిలబెట్టే పనికే ఆ మినహాయింపు. రోడ్డు వెడల్పు చేయడం దానికిందకు రాదు. ఈ లెక్క తప్పితే పని మధ్యలో ఆగిపోతుంది, తవ్విన నేల వానకి నోరు తెరుచుకుని ఉండిపోతుంది.

సిల్ట్ ఫెన్స్, అంటే మట్టిని ఆపే గుడ్డ కంచె, దాని కింది అంచు 6 అంగుళాలైనా మట్టిలో పూడ్చాలి, లేకపోతే నీళ్ళు కిందనుంచే పోతాయి. పారే కాలువకి అడ్డంగా అది కట్టనివ్వకు, ఒక్క జోరువానకే తెగుతుంది. అక్కడ రాళ్ళ చెక్ డ్యామ్‌లే వేయించు, మధ్యభాగం అంచులకన్నా కిందకుండాలి. 4 శాతం వాలులో 2 అడుగుల ఎత్తు కట్టలైతే 50 అడుగులకొకటి. ఫెన్స్ దగ్గర మట్టి సగం ఎత్తుకి చేరకముందే తీయించు. టైర్లు రోడ్డెక్కించిన మట్టి ఆ సాయంత్రానికే ఊడ్చెయ్యాలి.

14 రోజులు ఆగబోయే చోట వెంటనే మల్చ్ (నేలని కప్పే ఎండుగడ్డి లాంటిది) వేయించు, లేదా గడ్డి నాటించు. తనిఖీ 7 రోజులకోసారి. లేదంటే 14 రోజులకోసారి, దానితోపాటు పావు అంగుళం వాన పడ్డ 24 గంటల్లోపు. ఆ 24 గంటలని పట్టుకుని అర్ధరాత్రి టార్చి తీసుకుని బయల్దేరతావేమో, నీ మొండితనం నాకు తెలుసు. తనిఖీ పనివేళల్లో చేస్తే చాలని అనుమతిలోనే రాశారు. అక్కడికి వెళ్ళడం ప్రమాదమనిపిస్తే ఆగొచ్చు, ఎందుకాగావో రాసిపెట్టు. వరద పారుతుండగా కల్వర్టు అంచున నిలబడకు తల్లీ.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న