ఆకులు రంగు మారే రోజుల్లో కారు ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. సెప్టెంబరు చివరి వారంలో నా భార్యతో కలిసి న్యూజెర్సీలోని మా అమ్మాయి దగ్గరకు వెళుతున్నాను. అక్టోబరులో అక్కడి చెట్లు ఎరుపు, పసుపు రంగుల్లోకి మారతాయని, నాలుగు రోజులు కారులో తిప్పి చూపిస్తానని అల్లుడు అంటున్నాడు. అక్టోబరు రెండో సోమవారం అక్కడ సెలవు కాబట్టి, దానికి ముందు వచ్చే శని, ఆదివారాలు కలుపుకొని హోటళ్లు ఖాయం చేస్తామంటున్నారు. నా భార్యకు మోకాళ్ల నొప్పులున్నాయి. ఎటు వెళితే బాగుంటుంది?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: మీ అల్లుడిగారి ఆలోచన మంచిదే కానీ, ఎంచుకున్న రోజులు మాత్రం మార్చుకోవడం మేలు. ఆ సోమవారం కొలంబస్ డే సెలవు కావడంతో న్యూయార్క్, బోస్టన్ నగరాల జనం ఆ మూడు రోజుల్లోనే కొండదారులు పడతారు. గదుల అద్దెలు అమాంతం పెరుగుతాయి, చాలాచోట్ల కనీసం రెండు రాత్రులు ఉంటేనే గది ఇస్తామంటారు. మంగళవారం బయలుదేరి శుక్రవారం మధ్యాహ్నానికి ఇల్లు చేరేలా సెలవు పెట్టుకోగలిగితే అవే చెట్లను సగం రద్దీలో చూడవచ్చు.

రంగు ఒకేసారి అన్నిచోట్లా రాదు. అది ఉత్తరం నుంచి దక్షిణానికి, ఎత్తయిన కొండల నుంచి లోయల్లోకి దిగుతూ వస్తుంది. వెర్మాంట్ ఉత్తర భాగంలోను, న్యూహాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌లోను సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు రెండో వారం వరకు రంగులు నిండుగా ఉంటాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో అక్టోబరు మధ్యకు, హడ్సన్ లోయలోను మీ అమ్మాయి ఉండే న్యూజెర్సీలోను అక్టోబరు చివరి రోజులకు ఆ వంతు వస్తుంది. కాబట్టి తేదీలు ముందే ఖాయమైతే వాటిని బట్టి చోటును, చోటు ఖాయమైతే దాన్ని బట్టి తేదీలను సర్దుకోవాలి. రెండింటినీ మూడు నెలల ముందే బిగించి కూర్చున్నవారే తరచుగా నిరాశపడతారు, ఎందుకంటే ఆ ఏటి వానను, చలిని బట్టి నిండు రంగు వారం రోజులు అటూ ఇటూ జరుగుతుంది, ఒక్క రాత్రి గట్టిగా గాలివాన కొడితే ఆకులన్నీ నేల మీదే ఉంటాయి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే గదులనే తీసుకోమనండి. ఏ ప్రాంతంలో రంగు ఎంతవరకు వచ్చిందో ఆ రాష్ట్రాల పర్యాటక శాఖలు ఆ కాలమంతా ప్రకటిస్తూనే ఉంటాయి. బయలుదేరే వారం వాటిని చూసి దారి ఖాయం చేసుకోవచ్చు.

మొదటిసారి వెళుతున్నారు కాబట్టి, తేదీలు అనుకూలిస్తే న్యూహాంప్‌షైర్‌నే ఎంచుకోమంటాను. న్యూజెర్సీ నుంచి సుమారు ఆరు గంటల ప్రయాణం. అక్కడ లింకన్, కాన్వే అనే రెండు ఊళ్ల మధ్య సుమారు 34 మైళ్ల పొడవున, అంటే దాదాపు 55 కిలోమీటర్లు, కాంకమాగస్ రహదారి పూర్తిగా అడవిలోనే సాగుతుంది. మధ్య మధ్య బండి ఆపుకొని చూసే చోట్లున్నాయి కనుక మీ శ్రీమతిగారు పెద్దగా నడవనక్కర లేదు. లింకన్ దగ్గర లూన్ మౌంటెన్‌పైకి తీగ మీద నడిచే గోండోలా ఉంది. నార్త్ కాన్వే నుంచి కొండల్లోకి పాతకాలపు రైలు నడుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఈ రెండూ కారు కంటే సుఖం. వీటికి మాత్రం టికెట్లు ముందుగా తీసుకోవాలి. రాత్రికొక ఊరు మారకుండా ఒకేచోట బస పెట్టుకోండి. నాలుగు రోజుల్లో నాలుగు రాష్ట్రాలు చుట్టి వచ్చామని చెప్పుకునేవారు చూసింది ఎక్కువగా హోటల్ గదులనే.

కాంకమాగస్ దారిలో పెట్రోలు బంకులు లేవు, ఫోను సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. ట్యాంకు నింపుకొని, దారి పటాన్ని ముందే ఫోనులోకి దించుకొని బయలుదేరాలి. అక్టోబరు మధ్యకు సాయంత్రం ఆరు గంటలకే సూర్యాస్తమయం. చీకటి పడ్డాక మూస్ అనే భారీ దుప్పులు రోడ్డు దాటుతుంటాయి కనుక వెలుతురుండగానే బసకు చేరడం క్షేమం. తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగవచ్చు. స్వెట్టరు, శాలువాలతో పాటు మంకీ క్యాప్ కూడా పెట్టుకోండి, పిల్లలు నవ్వినా సరే. ఆ చిన్న ఊళ్లలో శాకాహారం దొరకడం కష్టం, హోటళ్లు పెందలాడే మూసేస్తారు. మొదటి రోజుకు పులిహోర కట్టించుకొని, తర్వాతి రోజులకు చిన్న వంటగది ఉన్న గది చూసుకుంటే ఇబ్బంది ఉండదు.

మరొక మాట. ఫొటో కోసం రోడ్డు మధ్యలో బండి ఆపడం, ఎవరిదో పొలంలోకి దిగడం అక్కడ పెద్ద తలనొప్పిగా మారింది. వెర్మాంట్‌లోని పామ్‌ఫ్రెట్ అనే పల్లెలో ఒక అందమైన పొలం ఫొటోల కోసం జనం విరగబడడంతో, 2023లో ఆ కాలంలో కొన్ని వారాల పాటు స్థానికులు తప్ప ఇతరులు రాకుండా దారినే మూసేశారు.

ప్రశ్న: అక్కడి ఆకులు అంత ఎర్రగా మారి రాలుతుంటే, మన చెట్ల ఆకులు ఎండి గోధుమరంగులో ఎందుకు రాలుతాయి?
– డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: చలిదేశాల చెట్లకు పగటి పొద్దు తగ్గడమే ప్రధానమైన సూచన. పొద్దు తగ్గి చలి పెరిగే కొద్దీ చెట్టు ఆకులోని పత్రహరితాన్ని తిరిగి తయారు చేయడం మానేసి, అందులోని పోషకాలను కొమ్మల్లోకి లాక్కుంటుంది. అప్పటివరకు పచ్చదనం వెనుక దాగి ఉన్న కెరొటినాయిడ్లు అనే పసుపు రంగుద్రవ్యాలు బయటపడతాయి. బిర్చ్, ఆస్పెన్ చెట్ల పసుపు ఇదే. ఎరుపు సంగతి వేరు. మేపుల్ వంటి చెట్లు ఆకులో మిగిలిన చక్కెరతో ఆంథోసయనిన్లు అనే ఎర్రని రంగుద్రవ్యాలను ఆ రోజుల్లోనే కొత్తగా తయారు చేస్తాయి. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది ఎరుపు బాగా పండుతుంది. మబ్బులు వీడకపోతే వెలవెలబోతుంది. ఇంతలో కాడ మొదట్లో ఒక పొర ఏర్పడి ఆకు రాలిపోతుంది.

మన దగ్గర చెట్లు ఆకు రాల్చేది ప్రధానంగా నీటి కొరత వల్ల. నేలలో తేమ తగ్గే కొద్దీ, ఎండలు ముదరకముందే ఆకుల బరువు దించుకుంటాయి. అయినా మనకు ఎరుపు లేదని అనలేము. ఇళ్ల ముందు నీడకు పెంచే బాదం చెట్టు ఆకులు రాలే ముందు ఎర్రగా మారడం మీరు చూసే ఉంటారు. మామిడి లేత చిగురు రాగిరంగులో కనిపించడానికి కారణం కూడా ఆ ఆంథోసయనిన్లే. అక్కడి చెట్లు ముదిరిన ఆకులో చూపే రంగును మన చెట్లు ఎక్కువగా చిగురులో చూపుతాయి.

ప్రశ్న: మా ఊరి మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి కాశ్మీరు వరకు ఉందట. అక్కడ ఎర్రబడే చినార్ చెట్ల ఆకులు చూడడానికి సొంత కారులో వెళ్లిరావచ్చా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఆ రహదారి శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారి వరకు సాగుతుంది కాబట్టి, దారి తప్పే ప్రసక్తి లేదు. కానీ రెండు వేల కిలోమీటర్లకు మించిన దూరం. పోవడానికి, రావడానికే వారం రోజులు ఖర్చవుతాయి. విమానంలో వెళ్లి అక్కడ కారు మాట్లాడుకోండి. అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మధ్య వరకు సరైన సమయం. నిషాత్, షాలిమార్ తోటలతో పాటు కాశ్మీర్ విశ్వవిద్యాలయం ఆవరణలోని నసీమ్ బాగ్‌ను తప్పక చూడాలి. భద్రతా సూచనలను తెలుసుకున్నాకే టికెట్లు తీసుకోండి.

ప్రశ్న: అంత దూరాలు మాకు సాధ్యం కావు. దసరా సెలవుల్లో పిల్లలతో నల్లమలకు వెళితే ఇలాంటి రంగులు కనిపిస్తాయా?
– ఒక గృహిణి, మహబూబ్‌నగర్

జవాబు: దసరాకు కనిపించవమ్మా. వానలు వెళ్లిన ఆ రోజుల్లో నల్లమల నిండు పచ్చగా ఉంటుంది. మల్లెలతీర్థంలో నీరు దూకడం చూడాలన్నా, దారి పొడవునా తంగేడు పూలు చూడాలన్నా అప్పుడే వెళ్లండి. ఆకుల రంగు కోసమైతే జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారాల వరకు ఆగాలి. చలికాలం చివర చిరుమాను ఆకులు రాగిరంగుకు తిరుగుతాయి, టేకు ఆకులు ఎండి గలగలమంటాయి. తర్వాత ఒక్క ఆకు కూడా లేని మోదుగ కొమ్మలకు నారింజ ఎరుపు పూలు విరగబూస్తాయి; బండరాళ్ల మధ్య కొండగోగు పసుపుపచ్చగా పూస్తుంది. నా మటుకు నాకు మేపుల్ కొండకు మోదుగ వనం ఏమాత్రం తీసిపోదు.

మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరండి. అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం కొండ పైనుంచి అడవి దూరం వరకు కనిపిస్తుంది. నల్లగొండ వైపు వారికి దేవరకొండ, డిండి మీదుగా దారి ఉంది. మన్ననూరు దాటాక ఫరహాబాద్ వ్యూపాయింట్‌కు అటవీశాఖ అనుమతితో వెళ్లాలి. అక్కడి నుంచి వటువర్లపల్లి, దోమలపెంట మీదుగా శ్రీశైలం వరకు దారి అడవిలోనే సాగుతుంది. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను వదలరు. శ్రీశైలంలో దర్శనం చేసుకొని అదే రోజు తిరిగి రావాలనుకుంటే, ఎనిమిదిన్నరకల్లా మన్ననూరు తనిఖీ కేంద్రం దాటేలా లెక్క చూసుకోండి. శివరాత్రి రోజుల్లో మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోకండి. ఎండుటాకు నిండిన ఆ నెలల్లో నిప్పు రాజేయడం, కాల్చిన బీడీ విసరడం పెద్ద ప్రమాదం కనుక, భోజనం ఇంటి నుంచే కట్టుకొని వెళ్లి, విస్తళ్లను, నీళ్ల సీసాలను తిరిగి బండిలోనే వేసుకొని రండి.